యూకాన్ నదిలో వైట్‌హార్స్ నుంచి డాసన్ దాకా: కయాక్ ప్రయాణం, ఆ పైన ఒక ట్రెక్ ఎలా చేయాలి?

కెనడాలో చదువుకుంటున్న పిల్లలు, అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, ఈమధ్య హైదరాబాద్ నుంచి కూడా కొందరు అడుగుతున్న ప్రశ్న ఒకటే. "నెల రోజులు సెలవు దొరుకుతుంది. పరాయి దేశంలో కయాక్ మీద ఒక పెద్ద ప్రయాణం చేయాలనుంది, వీలైతే ట్రెక్ కూడా. ఈత వచ్చు, కొంచెం తెడ్డు వేయడం వచ్చు. ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి?"

నా జవాబు యూకాన్. కెనడా వాయవ్య మూలన వైట్‌హార్స్ అనే ఊళ్లో పడవ నీళ్లలోకి దించి, నది వెంట సుమారు 715 కి.మీ. దిగువకు డాసన్ సిటీ దాకా వెళ్లడం. దారిలో ఆనకట్టలు లేవు, జలపాతాలు లేవు, పడవను భుజాన మోయాల్సిన చోటు లేదు. నీటి వేగమే రోజుకు సగం దూరం తీసుకెళ్తుంది. 1896 ఆగస్టులో డాసన్ దగ్గరి క్లాండైక్ ప్రాంతంలో బంగారం దొరికాక వేలమంది ఈ నది మీదే సొంతంగా కట్టుకున్న నాటు పడవల్లో వెళ్లారు.

అయితే ఇది తేలిక నది అనుకుని వెళ్లినవాళ్లే దెబ్బతింటారు. ఇక్కడ ప్రాణం మీదకు తెచ్చేవి మూడు: చల్లటి నీళ్లు, దారిలో వచ్చే లబార్జ్ సరస్సు మీద గాలి, ఒడ్డున సరిగా కట్టని పడవ. మూడింటి వెనకా ఉండేది తొందరే. కాబట్టి ఈ ప్రయాణానికి కండబలం కంటే ముందు ఖాళీ రోజులు కూడబెట్టుకోండి. కింద చెప్పేవన్నీ ఆ మాట మీదే నడుస్తాయి.

ఎప్పుడు, ఎన్ని రోజులు

జూన్ రెండో వారం నుంచి ఆగస్టు చివరి దాకా మంచి కాలం. జూన్ మొదట్లో లబార్జ్ సరస్సు మీద ఇంకా మంచు గడ్డలు ఉండొచ్చు. ఆగస్టు చివరికి రాత్రుళ్లు గడ్డకట్టే చలి మొదలవుతుంది, కానీ దోమలు తగ్గుతాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు జూలై ఎంచుకోండి.

నది మీద 16 రోజులు పెట్టుకోండి. ఇందులో రెండు రోజులు పూర్తిగా గాలికి వదిలేసినవి. పడవ, సామాను సర్దుకోవడానికి వైట్‌హార్స్‌లో రెండు రోజులు, డాసన్ చేరాక ట్రెక్‌కు నాలుగు రోజులు, తిరుగు ప్రయాణానికి ఒకటి. ఇన్ని రోజులు దొరకవంటే డాసన్ దాకా వెళ్లకండి. వైట్‌హార్స్ నుంచి, దారి మధ్యలో ఉన్న కార్మాక్స్ ఊరి దాకా సుమారు 320 కి.మీ. ఉంటుంది, ఎనిమిది తొమ్మిది రోజుల్లో హాయిగా అవుతుంది. 715 కి.మీ.ను పది రోజుల్లో కుక్కడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. ఇదే దారిలో ఏటా జరిగే యూకాన్ రివర్ క్వెస్ట్ పందెంలో జట్లు మూడు రోజుల్లోపే డాసన్ చేరతాయి కదా అని అడుగుతుంటారు. వాళ్లు ఖాళీ పడవలతో, నిద్ర మానుకుని, వెనకాల రక్షణ పడవలు ఉండగా వెళ్తారు. ఆ లెక్క మనకు పనికిరాదు.

కాగితాలు

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు కెనడా విజిటర్ వీసా కావాలి, బయోమెట్రిక్స్ ఇవ్వాలి. అమెరికాలో హెచ్1బి మీద ఉన్నా ఇదే నియమం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్, కార్డు రెండూ దగ్గర ఉండాలి. ఇండియా నుంచి వచ్చేవాళ్లు టికెట్ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: విమానం అమెరికాలో ఆగి వెళ్లేదైతే అమెరికా వీసా కూడా కావాలి. వాంకూవర్‌కు నేరుగా గానీ, యూరప్, ఆసియాల మీదుగా గానీ వచ్చి అక్కడి నుంచి వైట్‌హార్స్‌కు మారితే ఆ తలనొప్పి ఉండదు.

ఇన్సూరెన్స్ పాలసీలో మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: కయాకింగ్ వర్తిస్తుందా, రోడ్డు లేని చోటు వర్తిస్తుందా, హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఇస్తారా. "అడ్వెంచర్ స్పోర్ట్స్ మినహా" అన్న ఒక్క చిన్న లైను పాలసీ మొత్తాన్ని పనికిరాకుండా చేస్తుంది.

నదికి పర్మిట్ అక్కర్లేదు. చేపలు పట్టాలంటే లైసెన్స్ కావాలి. ట్రెక్ కోసం డాసన్ దగ్గరున్న టూంబ్‌స్టోన్ పార్కులో రాత్రులు గడపడానికి ముందే బుక్ చేసుకోవాలి, ఆ సంగతి చివర్లో చెబుతాను.

కావలసినవి

పడవ, తెడ్లు, లైఫ్ జాకెట్లు వైట్‌హార్స్‌లో అద్దెకు దొరుకుతాయి. పడవను అక్కడ తీసుకుని డాసన్‌లో అప్పగించే ఏర్పాటు ఉంటుంది. జూలైకి కావాలంటే చలికాలంలోనే మాట్లాడుకోండి.

కయాకా, కెనూనా (పైన మూత లేని పొడవాటి పడవ)? ఇద్దరు వెళ్తూ సామాను ఎక్కువుంటే కెనూ సుఖం. లబార్జ్ సరస్సు మీద మాత్రం మూతలున్న సముద్రపు కయాకే నయం, అలలు పైనుంచి పోతాయి తప్ప లోపల నిండవు. నా ఓటు కయాక్‌కే. సరస్సుల్లో సరదాగా తిప్పే పొట్టి, వెడల్పాటి కయాక్ ఇస్తామంటే వద్దనండి. ముందూ వెనకా విడివిడి గదులు, వాటికి నీరు చొరని మూతలు ఉన్నదే తీసుకోండి.

పడవలో తప్పనిసరిగా ఉండాల్సినవి:

- ఒక్కొక్కరికీ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్, దానికి కట్టిన విజిల్
- స్ప్రే స్కర్ట్ (నడుముకు కట్టుకుని, కూర్చునే చోట నీళ్లు పడకుండా మూసే గుడ్డ)
- జట్టుకు ఒకటైనా అదనపు తెడ్డు
- 15 మీటర్ల తేలే తాడు, నీళ్లు తోడే పంపు
- పడవ కట్టడానికి ముందొకటి, వెనకొకటి గట్టి తాళ్లు
- చల్లటి నీళ్లలో ఒంటి వేడిని కాపాడే వెట్‌సూట్ లేదా డ్రైసూట్
- ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం
- నది మ్యాపుల కాగితం ప్రతి, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు
- ఒక్కొక్కరికీ ఒక బేర్ స్ప్రే (మీదకొచ్చే ఎలుగుబంటి ముఖాన కొట్టే కారం స్ప్రే)
- ఎలుగుబంటి తెరవలేని ఆహారపు డబ్బాలు
- రెండు రకాల నిప్పు: లైటరు, విడిగా నీరు తగలని అగ్గిపెట్టె
- ముఖానికి దోమల వల

బేర్ స్ప్రే, స్టవ్ గ్యాస్ డబ్బాలు విమానంలో చెక్‌ఇన్ సామానులో కూడా పెట్టనివ్వరు. రెండూ వైట్‌హార్స్‌లోనే కొనండి.

బట్టల్లో కాటన్ ఒక్కటి కూడా వద్దు. జీన్స్, బనియన్, లుంగీ అన్నీ వైట్‌హార్స్‌లో వదిలేయండి. తడిసిన కాటన్ ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని గానీ సింథటిక్ గానీ వాడండి. ఒక పూర్తి జత బట్టలు నీరు చొరని డ్రై బ్యాగులో సీలు చేసి, పడుకునేటప్పుడు తప్ప ఎప్పుడూ వేసుకోకుండా ఉంచండి.

తిండి గురించి మనవాళ్లు ఎక్కువగా అడుగుతారు. బియ్యం, పెసరపప్పు, వేయించిన రవ్వ, అటుకులు, కందిపొడి, ఓట్స్, వేరుశనగలు ఉంటే రెండు వారాలు హాయిగా గడుస్తాయి. పెసరపప్పు కిచిడీ త్వరగా ఉడుకుతుంది, గ్యాస్ మిగులుతుంది. కందిపప్పు ఉడికే లోపు డబ్బా ఖాళీ అవుతుంది, దాని జోలికి పోకండి. ఆవకాయ తెచ్చుకోవచ్చు, కానీ గట్టి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసాలో, నూనె బయటకు కారకుండా. ఆ వాసన మనకెంత ఇష్టమో ఎలుగుబంటికీ అంతే. ఇండియా నుంచి తెచ్చే తినుబండారాలన్నీ కస్టమ్స్ దగ్గర చెప్పేయండి. చెబితే మహా అయితే ఒకటి రెండు వస్తువులు తీసేసుకుంటారు, దాచి దొరికితే జరిమానా.

బయల్దేరే ముందు సాధన

ఈ నాలుగూ వచ్చిన తర్వాతే డబ్బు కట్టండి.

ఒకటి, స్ప్రే స్కర్ట్ వేసుకుని బోర్లా పడి, తలకిందులుగా ఉండగానే స్కర్ట్ లాగే పట్టీ పట్టుకుని బయటకు రావడం. రెండు, తోటివారి సాయంతో నడినీటిలో మళ్లీ పడవ ఎక్కడం. మూడు, సామాను నింపిన పడవతో ఒక రోజులో 25 కి.మీ. తెడ్డు వేసి, మర్నాడు కూడా మళ్లీ వేయగలగడం. నాలుగు, పారే నీటిలో అనుకున్న చోట ఒడ్డుకు చేరడం.

గండికోట దగ్గర పెన్నాలో కయాకింగ్ ఉంది, మొదటి పాఠాలకు చాలు. పారే నీటిలో నేర్చుకోవాలంటే రిషికేశ్‌లో కయాక్ నేర్పే బడులున్నాయి. అయితే మన నీళ్లు గోరువెచ్చన. అక్కడ పది నిమిషాలు నీళ్లలో ఆడుకున్నామన్న ధైర్యం యూకాన్‌లో పనికిరాదు. కెనడాలో, అమెరికా ఉత్తరాన ఉన్నవాళ్లు మే నెలలో దగ్గరి చెరువులో, వెట్‌సూట్ వేసుకుని, పక్కన మనిషి ఉండగా ఒకసారి నీళ్లలోకి దిగి చూడండి. ఊపిరి ఎలా బిగబడుతుందో ఒంటికి తెలిస్తే సగం చదువు అయినట్టే.

చల్లటి నీళ్ల లెక్కను మనీటోబా యూనివర్సిటీలో చలిపై పరిశోధనలు చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ 1-10-1 అని మూడు అంకెల్లో చెబుతారు. నీళ్లలో పడ్డాక మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి. ఆ తర్వాత పది నిమిషాల దాకా చేతులు చెప్పినట్టు వింటాయి. చలికి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే చలి మనిషిని చంపడానికి చాలాముందే చేతులు చచ్చుబడతాయి. ఒంటిమీద లైఫ్ జాకెట్ ఉంటేనే ఆ గంట మీ చేతిలో ఉంటుంది. పడవ వెనకాల కట్టి ఉంచిన జాకెట్ లేనట్టే లెక్క.

అడుగులు

1. ప్రయాణ పత్రం రాసి ఇవ్వండి.

ఎవరెవరు, పడవల రంగు, ఎప్పుడు బయల్దేరుతున్నారు, ఎప్పటికి చేరతారు, ఏ తేదీ దాటితే వెతకాలి. ఒక ప్రతి పడవ అద్దెకిచ్చినవారికి, ఒకటి ఇంట్లోవాళ్లకు. ఇంట్లో రెండు మాటలు ముందే చెప్పండి. ఉపగ్రహ పరికరం మ్యాపులో చూపించే మీ చుక్క రెండు రోజులు కదలకపోతే గాలికి ఆగారని అర్థం, టెన్షన్ పడక్కర్లేదు. యూకాన్ సమయం ఇండియా కంటే 12 గంటల 30 నిమిషాలు వెనక, మీ రాత్రి మెసేజ్ వాళ్లకు మర్నాడు పొద్దున చేరుతుంది. కార్మాక్స్ దగ్గర తప్ప దారంతా సెల్ సిగ్నల్ ఉండదనే అనుకోండి.

సరిచూసుకోవడం: వైట్‌హార్స్‌లో ఆరుబయట నిలబడి ఉపగ్రహ పరికరం నుంచి ఇంటికి ఒక మెసేజ్ పంపండి. జవాబు వచ్చాకే పడవ ఎక్కండి. చందా కట్టకుండానే, ఆన్ చేసి చూడకుండానే బయల్దేరేవాళ్లున్నారు.

2. పడవ నింపండి.

బరువైనవి అడుగున, నడిమధ్యకు దగ్గరగా. తేలికవి కొసల్లో. పడవ పైన ఏమీ కట్టకండి, గాలి పట్టుకుంటుంది. రోజంతా కావలసినవి, అంటే నీళ్లు, చిరుతిండి, గాలి జాకెట్, ఉన్ని టోపీ చేతికందేలా పెట్టుకోండి. బేర్ స్ప్రే, ఉపగ్రహ పరికరం, అగ్గి ఈ మూడూ పడవలో కాకుండా మీ ఒంటి మీద ఉండాలి. పడవ కొట్టుకుపోతే మీకు మిగిలేవి అవే.

సరిచూసుకోవడం: నింపిన పడవను మోకాలి లోతు నీళ్లలో వదిలి వెనక నుంచి చూడండి. ఒక పక్కకు ఒరిగితే, ముక్కు మునిగితే మళ్లీ సర్దండి. స్ప్రే స్కర్ట్ వేసుకోగానే లాగే పట్టీ బయటే ఉందని చేత్తో తడిమి చూసుకోండి. ఆ పట్టీ లోపలికి నొక్కుకుపోవడం అందరూ చేసే పొరపాటు, తలకిందులైనప్పుడు అది దొరకదు.

3. మొదటి రోజు ఒడ్డుకు చేరడం నేర్చుకోండి.

వైట్‌హార్స్ నుంచి సరస్సు మొదలయ్యే దాకా నది నెమ్మదిగా పారుతుంది. దీన్నే బడిగా వాడుకోండి. ఆగాలనుకున్న చోటుకు చాలా ముందే ఆ ఒడ్డు వైపు జరగండి. ఒడ్డు దగ్గరయ్యాక పడవ ముక్కును ఎగువకు తిప్పి, ప్రవాహానికి కొంచెం ఏటవాలుగా పెట్టి తెడ్డు వేయండి. పడవ దిగువకు పోకుండా పక్కకు జరుగుతుంది. ముక్కు దిగువకే ఉంచి ఒడ్డుకు కొట్టాలని చూస్తే వెనకభాగం తిరిగిపోయి, పడవ అడ్డంగా పడుతుంది.

సరిచూసుకోవడం: ఒక రాయిని గుర్తు పెట్టుకుని, దానికి ఒక పడవ పొడవు లోపల వరసగా నాలుగుసార్లు ఆగగలిగితే మీకు వచ్చినట్టే. రాకపోతే ఆ రోజంతా అదే చేయండి. ఈ ప్రవాహంలో దాటిపోయిన చోటుకు వెనక్కి తెడ్డు వేసి రాలేరు.

4. లబార్జ్ సరస్సు: ఇక్కడ ఓపిక పట్టండి.

మొత్తం ప్రయాణంలో కష్టమైన చోటు ఇదే. సుమారు 50 కి.మీ. పొడవు, నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయి, చుట్టూ కొండలు. పొద్దున అద్దంలా ఉన్న సరస్సు మధ్యాహ్నానికి తెల్లటి నురగ అలలతో లేస్తుంది. దీనికి పద్ధతి చాలా పాతది, సూటైనది.

కుడి ఒడ్డు, అంటే తూర్పు ఒడ్డు పట్టుకుని వెళ్లండి. సరస్సు మొదట్లోనే, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు ఆ ఒడ్డుకు చేరిపోతే తర్వాత సరస్సును అడ్డంగా దాటే పని ఉండదు. ఒడ్డు నుంచి, బోర్లా పడితే ఈదుకుని చేరగల దూరంలోనే ఉండండి. తెల్లవారుజామున నాలుగైదింటికి బయల్దేరండి, వెలుతురుకు కొదవ లేదు. గాలి లేవగానే ఆగండి, సాయంత్రం తగ్గితే మళ్లీ వెళ్లండి. తగ్గకపోతే గుడారం వేసేయండి.

"వంపు చుట్టూ తిరిగితే గంట ఎక్కువ, నేరుగా కోస్తే ఇరవై నిమిషాలు" అన్న ఆలోచన ప్రతి వంపు దగ్గరా వస్తుంది. ఒడ్డు వెంటే తిరగండి. గాలి ఎప్పుడు ఎక్కువో ఎలా తెలుస్తుంది? నా లెక్క ఇది: దూరాన నీళ్ల మీద తెల్లటి నురగ ఒక్కటి కనపడినా వెంటనే ఒడ్డుకు మళ్లాలి. అలలు ఒంటిమీద పడేదాకా ఆగితే, ఆ ఒడ్డు నిట్టనిలువు బండరాయి అయ్యుండొచ్చు.

సరస్సుకు మూడు రోజులు రాసుకోండి. రెండు రోజుల్లో అయితే మూడో రోజు మిగిలినట్టు, దాన్ని ముందున్న మంచి చోటుకు దాచుకోండి. జట్టులో ఒక్కరు ఆగుదామన్నా అందరూ ఆగాలన్న నియమం వైట్‌హార్స్‌లోనే పెట్టుకోండి. సరస్సు మీద వాదనకు దిగితే ఎప్పుడూ తొందరపడేవాళ్లే గెలుస్తారు.

5. థర్టీ మైల్: అందం చూస్తూ మైమరిచిపోవద్దు.

సరస్సు దాటగానే నది ఆకుపచ్చగా, అడుగు కనపడేంత తేటగా, వేగంగా పారుతుంది. సుమారు 48 కి.మీ. ఉన్న ఈ భాగాన్ని కెనడా వారసత్వ నదుల్లో చేర్చారు. మొత్తం దారిలో నాకు బాగా నచ్చిన నీళ్లు ఇవే. ఇక్కడ చూసుకోవాల్సింది మలుపుల బయటి అంచు. ఒడ్డు కోసుకుపోయి చెట్లు నీటి మీదకు వాలి ఉంటాయి, ప్రవాహం పడవను నేరుగా ఆ కొమ్మల్లోకి లాక్కుపోతుంది. మలుపు రాకముందే లోపలి వైపుకు జరగండి. తప్పనిసరై చెట్టుకు తగులుతుంటే ఒంటిని చెట్టు వైపే వాల్చండి, ఎగువకు వాలితే నీళ్లు పడవను తిప్పేస్తాయి.

టెస్లిన్ నది కుడి నుంచి వచ్చి కలిసే చోటు హూటలింక్వా. అక్కడ ఒక లంక మీద ఎవలిన్ అనే పాత ఆవిరి ఓడ శిథిలంగా ఉంది. ఆగి చూడండి. ఓడ మీదకు ఎక్కకండి, ఒక్క మేకు కూడా జేబులో వేసుకోకండి. దారి పొడుగునా కనపడే పాత సామానంతటికీ చట్టం రక్షణ ఉంది. నది పక్క భూములు చాలాచోట్ల అక్కడి ఆదివాసీ ఫస్ట్ నేషన్స్ వాళ్లవి. వాళ్ల చేపల గుడిసెల్లో, క్యాబిన్లలో ఎవరూ లేకపోయినా అడుగుపెట్టకండి.

6. గుడారం చోటు ఎంచుకోండి, పడవను కట్టండి.

గోదావరి లంకల్లాగే ఇక్కడా నది నడుమ ఎన్నో లంకలు. వాటి ఎగువ కొసన గులకరాళ్ల మేట ఉన్న చోటు మంచిది: గాలి తగిలి దోమలు తక్కువ, చుట్టూ దూరం కనపడుతుంది. తాజా ఎలుగుబంటి అడుగులు గానీ పేడ గానీ ఉంటే మళ్లీ పడవెక్కి ముందుకు పోండి, ఎంత అలిసినా సరే.

వంట, ఆహారపు డబ్బాలు, గుడారం మూడూ వేర్వేరు చోట్ల. డబ్బాలు గుడారానికి 100 మీటర్ల దూరాన. టూత్‌పేస్ట్, సబ్బు, లిప్ బామ్ కూడా డబ్బాలోకే. బేర్ స్ప్రేను దోమల మందులా గుడారం మీద చల్లుకునేవాళ్లున్నారు. అది ఎదురొచ్చిన జంతువు ముఖం మీదకు కొట్టేది, బట్టల మీద కొడితే మేలు చేయదు. పొదల్లోకి వెళ్లేటప్పుడు గట్టిగా మాట్లాడుతూ వెళ్లండి. ఎదురైతే పరుగెత్తకండి.

ఇక పడవ. రోడ్డు లేని చోట రాత్రి పడవ కొట్టుకుపోతే మీ కాళ్లు పోయినట్టే. ఎగువన ఎక్కడో వాన పడితే ఇక్కడ నీళ్లు నిశ్శబ్దంగా పెరుగుతాయి. పడవను నీటి అంచు నుంచి బాగా పైకి మోయండి, లాగి వదిలేయకండి. బోర్లించండి. రెండు తాళ్లతో రెండు చోట్ల కట్టండి, చెట్టుకైతే మేలు, చెట్టు లేకపోతే పెద్ద దుంగకు.

సరిచూసుకోవడం: నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పడుకోండి. రాత్రి లేచినప్పుడు చూడండి. పుల్ల చుట్టూ నీళ్లుంటే నిద్ర ఆపి పడవను ఇంకా పైకి జరపండి.

ఇంకో సంగతి. జూన్, జూలైల్లో ఇక్కడ సరిగా చీకటి పడదు. వెలుతురు ఉంది కదా అని రాత్రి పదింటి దాకా తెడ్డు వేస్తూనే ఉంటారు, రెండు రోజులకు మణికట్లు వాస్తాయి. గడియారం చూసి ఆగండి. రోజుకు ఆరు గంటలు, 50-60 కి.మీ. చాలు.

7. తాగునీళ్లు.

నది నీళ్లు ఎంత తేటగా ఉన్నా నేరుగా తాగకండి, విరేచనాలు తెప్పించే జియార్డియా అనే క్రిమి పట్టుకుంటుంది. ఫిల్టర్ చేయండి లేదా బుడగలు పొర్లేలా ఒక నిమిషం మరిగించండి. పైభాగంలో ఈ రెండింటిలో ఏదైనా ఒకటే. కిందికి వెళ్లాక సంగతి వేరు. ఎడమ నుంచి వైట్ రివర్ కలిసే చోట హిమానీనదాల ఒండ్రు దిగుతుంది, అక్కడి నుంచి నది బూడిద రంగు. ఇసుక పడవ అడుగును గీకుతూ బుస్సుమని చప్పుడు చేస్తుంది. ఆ నీటిలో పెడితే ఫిల్టర్ కొద్ది నిమిషాల్లో మూసుకుపోతుంది. అందుకే వైట్ రివర్ రాకముందే సీసాలన్నీ నింపుకోండి, ఆ తర్వాత పక్కన కలిసే తేట వాగుల దగ్గర ఆగి నింపండి. వాగు దొరకకపోతే బకెట్‌లో రాత్రంతా తేరనిచ్చి, పై నీళ్లు మరిగించండి.

8. ఫైవ్ ఫింగర్ ర్యాపిడ్స్.

కార్మాక్స్ ఊరు దాటాక సుమారు 35 కి.మీ.కు వస్తుంది. కార్మాక్స్‌లో ఒక రోజు ఆగి, స్నానం చేసి, సరుకులు కొనుక్కుని, బాగా నిద్రపోయి రండి. నది మధ్యలో నాలుగు రాతి దిబ్బలు లేచి ప్రవాహాన్ని ఐదు పాయలు చేస్తాయి. మీకు కావలసింది కుడి చివరి పాయ ఒక్కటే, పాత ఆవిరి ఓడలు కూడా అందులోంచే వెళ్లేవి.

చాలాముందు నుంచే కుడి ఒడ్డు పట్టుకోండి, దిబ్బలు కనపడ్డాక జరుగుదామంటే ఆలస్యమవుతుంది. పైన ఒకసారి ఆగి మూతలు బిగించి, స్కర్ట్ వేసుకుని, జాకెట్ పట్టీలు లాగి చూసుకోండి. ఒక పడవ వెళ్లాక కొంత ఎడం ఇచ్చి ఇంకోటి. పాయ నడిమధ్యలోకి సూటిగా దూరి, అలలు ఎదురుగా తగిలేలా ముక్కు నిలబెట్టి తెడ్డు వేస్తూనే ఉండండి. భయంతో తెడ్డు ఆపి పడవ అంచులు పట్టుకోవడమే ఇక్కడ పడవలు బోర్లా పడటానికి కారణం. కదులుతున్న తెడ్డే మీకు ఊతం. ఒక నిమిషం కూడా పట్టదు. దాటాక పక్క సుడుల్లోకి పోకుండా నేరుగా సాగిపోండి. ఇంకో పది కి.మీ. దూరంలో రింక్ ర్యాపిడ్స్, అక్కడా కుడి పక్కనే వెళ్తే పెద్దగా ఏమీ తెలియదు.

9. ఫోర్ట్ సెల్‌కిర్క్.

ఇది ఎడమ ఒడ్డున ఉంది. పెల్లీ నది కుడి నుంచి కలుస్తుంది కాబట్టి అక్కడ నీళ్లు చెదిరి ఉంటాయి, ముందే ఎడమకు జరగండి. 1848లో బొచ్చు తోళ్ల వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీ తరఫున రాబర్ట్ క్యాంప్‌బెల్ పెట్టిన వ్యాపార స్థావరం, దానికి చాలాముందు నుంచీ అక్కడి ప్రజలు కలుసుకునే చోటు. పాత బడి, చర్చి, ఇళ్లు చక్కగా నిలబెట్టారు. రోడ్డు లేదు, పడవ మీదో చిన్న విమానం మీదో రావాల్సిందే. ఆదా చేసిన రోజు ఉంటే ఇక్కడ ఖర్చు పెట్టండి.

10. డాసన్‌లో దిగండి.

ఊరు కుడి ఒడ్డున. దాని పైన కొండ జారి పడిన పెద్ద మచ్చ చాలా దూరం నుంచే కనపడుతుంది. అది కనపడగానే కుడి ఒడ్డుకు చేరండి. క్లాండైక్ నది కలిసిన వెంటనే ఊరు మొదలవుతుంది. ఊరి చివర నదిని అడ్డంగా దాటించే కార్ల ఫెర్రీ నడుస్తుంటుంది, దాని దారిలోకి పోకుండా ముందే దిగిపోవాలి. డాసన్ దాటిపోతే దిగువన వచ్చే తర్వాతి ఊరు అలాస్కాలోని ఈగిల్, అంటే అమెరికా. ఆ వీసా లేకుండా అటు వెళ్లే మాటే లేదు.

దిగగానే ప్రయాణ పత్రం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ "చేరాం" అని చెప్పండి. స్నానం, పిజ్జా ఆ తర్వాత. ఈ ఒక్క ఫోన్ మరిచిపోతే హెలికాప్టర్ మీకోసం ఖాళీ నది మీద వెతుకుతుంది.

ఆ పైన ట్రెక్: టూంబ్‌స్టోన్

డాసన్‌కు 40 కి.మీ. తూర్పున డెంప్‌స్టర్ హైవే మొదలవుతుంది, దాదాపు అంతా కంకర రోడ్డు. దాని మీద 71.5వ కి.మీ. దగ్గర టూంబ్‌స్టోన్ పార్కు కేంద్రం ఉంది. అద్దె కారు తీసుకుంటే కంకర రోడ్డు మీదకు అనుమతి ఉందో లేదో ముందే అడగండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు.

మొదటిసారి వాళ్లకు గ్రిజ్లీ లేక్ దారి సరిపోతుంది. ఒకవైపు 11 కి.మీ. వినడానికి చిన్నదే. కానీ అడవిలోంచి నిట్టనిలువుగా ఎక్కి, తర్వాత కదిలే బండరాళ్ల వాలు మీద నడవాలి. మరో సంగతి, రెండు వారాలు పడవలో కూర్చున్న కాళ్లు ఇవి. చేతులు ఉక్కులా ఉంటాయి, తొడలు నీరుగారి ఉంటాయి. నది మీద ఉన్నప్పుడే రోజూ సాయంత్రం ఒక గంట ఒడ్డున నడవండి, డాసన్ చేరాక ఒక రోజు ఆగండి.

గ్రిజ్లీ, డివైడ్, టేలస్ సరస్సుల దగ్గర రాత్రి ఉండాలంటే ముందే బుక్ చేసుకోవాలి. ఎలుగుబంటి తెరవలేని డబ్బా తప్పనిసరి, కట్టెల మంట నిషిద్ధం, స్టవ్ మాత్రమే. గ్రిజ్లీ లేక్ నుంచి డివైడ్ లేక్‌కు గ్లిసేడ్ పాస్ అనే కనుమ దాటాలి. జూలై మొదట్లో దాని మీద మంచు ఉండొచ్చు. పార్కు కేంద్రంలో ఆ రోజు పరిస్థితి అడిగి, గట్టి మంచు ఉందంటే గ్రిజ్లీ లేక్ దగ్గరే రెండు రాత్రులు ఉండి వెనక్కి రండి. మబ్బు దిగి బండలు తడిసినా అంతే.

తిరుగు ప్రయాణంలో డాసన్ నుంచి వైట్‌హార్స్‌కు రోడ్డు మీద సుమారు 530 కి.మీ. దారిలో ఫైవ్ ఫింగర్ ర్యాపిడ్స్‌ను పైనుంచి చూసే చోట బండి ఆపమనండి. మిగిలిన గ్యాస్, బేర్ స్ప్రే విమానాశ్రయం దాకా తీసుకెళ్లకండి. పడవ అద్దెకిచ్చినవాళ్ల దగ్గర వదిలేస్తే తర్వాత వచ్చే జట్టుకు పనికొస్తాయి. ఎవరికి ఇచ్చినా స్ప్రే సేఫ్టీ క్లిప్ ఉందో లేదో చూసి ఇవ్వండి.